హోల్డాన్

పదకొండేళ్ళు నీ గొంతు నా వీపుకే తెలుసు, సూరీ.
ముఖం తక్కువ.
వెనకనుంచి "రైట్ రైట్" అంటే కాలు కదిలేది,
"హోల్డాన్" అంటే ఆగేది.
మన స్నేహమంటే అంతే, ఇంకేం చెప్పను.

డ్యూటీ దిగి సైకిల్ మీద ఇంటికెళ్తున్నావు.
కంచరపాలెం మెట్టు దగ్గర ఆ ఆటో.

ఇరవై మూడు రోజులు గొట్టాల మధ్య ఉన్నావు.
సర్జన్ ఫిల్ము వెలుతురుకి పెట్టి
ఎడమవైపు మసక చూపించి
"మాటలుండే చోటిది" అన్నాడు.
నాకు మబ్బు పట్టిన యారాడ కొండలా ఉంది.

ఇప్పుడు నీ మంచం పక్కన ఓ పొడవాటి నోటుబుక్కు,
అందరూ అందులోనే రాస్తారు.
రాత్రి నర్సు: జావ పలచన చెయ్యొద్దు, పొలమారుతోంది.
కాళ్ళు చూసే డేనియల్: నా దగ్గర అలిసిపోతాడు, మాటల మేడం ముందే రావాలి.
కింద బాణం గీసి మెహరున్నీసా: సరే, ఎనిమిదిన్నర.
తర్వాత పైడితల్లి, వంకర అక్షరాలు:
నిన్న గిన్నె ఇసిరేసాడు. ఈయన ఇలాటోడు కాదు.
ఆ కిందే ఎవరిదో నీలం సిరా:
అది దెబ్బ కోపమమ్మా, ఆయనది కాదు.
మీరు అన్నం తిన్నారా?

మొదటి ఆదివారం
బొమ్మలు చూపించింది మెహరున్నీసా.
కప్పు, పిల్లి, గొడుగు.
అన్నింటికీ "చిల్లర" అన్నావు.
నవ్వొచ్చింది నాకు, ఏడుపూ వచ్చింది,
రెండూ నీకు కనపడకూడదని
కుర్చీ తిప్పి నీకు వీపు పెట్టి కూర్చున్నాను.
చేతులు వాటంతటవే స్టీరింగు పట్టాయి.

ఫ్యాను తిరుగుతోంది.
చాలాసేపటికి, వెనకనుంచి,
"గోపాలపట్నం."
ఆ తర్వాత "ఎన్నేడీ".
కంచరపాలెం ముందు ఆగిపోయావు.
రోజూ అక్కడే ఆగుతున్నావట.
తొయ్యొద్దని రాసింది పుస్తకంలో,
ఆ కింద: ఆదివారాలు డ్రైవర్‌గారు రావాలి,
ముప్పావుగంట, వీపు తిప్పి.

పెళ్ళాం పేరు ఇంకా రాలేదు నీకు.
"ఒస్తాదిలే, లేటు బండి" అంటుందావిడ.

ఈవేళ చక్రాల కుర్చీ నేను తోశాను,
నువ్వు ముందు, నేను వెనక, అంతా తిరగబడి.
ర్యాంపు దిగుతుంటే కింద సముద్రం.
పక్కన నడుస్తున్న పైడితల్లి చెప్పు జారింది.
నీ ఎడంచెయ్యి
కుర్చీ రేకుని రెండుసార్లు కొట్టింది.
"హోల్డాన్."

బ్రేకేశాను.
వెనక స్ట్రెచరువాడు విసుక్కుంటున్నా
ఆవిడ చెప్పు తొడుక్కునేదాకా
బండి కదల్లేదు.