శనివారం ఉప్పు

శనివారం మా కాటా దగ్గర బేరాలుండవు.
ఇస్కపల్లి కొఠార్లలో లారీలు వరసగా నిలబడి కునుకు తీస్తాయి.
ఆ రోజు ఉప్పు ఇంటికి తెస్తే
దాని వెనకే శని కూడా వస్తాడట.
సొసైటీ గుమాస్తాని,
నా పద్దు పుస్తకంలో వారానికో తెల్ల కాగితం.

వానలింకా మొదలుకాని భాద్రపదంలో
అలాంటి ఒక ఖాళీ సాయంత్రం
హైస్కూలు ఖాజావలి సారు
సైకిలు వెనక గోనెపట్టాలో చుట్టిన దూరదర్శిని తెచ్చి
ఉప్పు గట్టు మీద నిలబెట్టాడు.
సముద్రపు గాలికి గొట్టం వణికిపోతోంది.
కాళ్ళ మధ్య అరబస్తా ఉప్పు వేలాడగడితే
అప్పుడు కుదురుకుంది.

మొదటి చూపు మస్తానమ్మది.
మడుల మెరుపు ఎడమకన్నుని ఎప్పుడో తినేసింది.
మిగిలిన కన్ను ఆనించి
ఊపిరి బిగబట్టి
చాలాసేపటికి అంది:
"వీడేనా?
పందొమ్మిది శనివారాలు నువ్వులనూనె పోయించుకున్నోడు
వీడేనా సామీ?
గాజు తొడుక్కోనుండాడే!"

రెండు ఏలినాటి శనులు దాటిన మనిషి
ఫక్కున నవ్వింది.
నల్లటివాడనీ, కుంటివాడనీ, కాకినెక్కి వస్తాడనీ చెబితే
ఇంతకాలం నమ్మింది.
ఇక్కడ చూస్తే
సముద్రం మీద జానెడెత్తున
పసుపు రాసిన ఆవగింజ, దాని చుట్టూ సన్నటి వలయం.

సారు చెప్పాడు,
ఆ గాజు మంచుముక్కలని,
ఇసకరేణువంతవి, ఇల్లంతవి,
కోటానుకోట్లు కలిసి తిరుగుతున్నాయని.
పిల్లచందమామలు వందకు పైనే అని.
ఒకదాని మీద నీళ్ళు కాని వాన కురిసి
చెరువులు నిండుతాయని.
ఇంకొకటి, ఎన్సెలాడస్ అని చిన్నది,
మంచు పెంకు కింద సముద్రాన్ని దాచుకుని
దాచలేక, పగుళ్ళలోంచి చిమ్ముతుందని.
ఏడేళ్ళు నడిచి అక్కడికి చేరిన ఓడ ఒకటి
ఆ తుంపరలోంచి దూసుకుపోయిందని.
నాలుక లేనిది
రుచి చూసిందని.

"ఏం రుచి?"

"ఉప్పు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
మోటారు ఆగిన కాలవలో
నీళ్ళు సర్దుకునే చప్పుడు.

ఆశ్చర్యపోతుందనుకున్నాను.
ఆమె అడిగింది పనిమాట:
"ఎన్ని డిగ్రీలకొచ్చినాయి ఆ నీళ్ళు?
ఇరవయ్యయిదుకు రాందే గింజ కట్టదే."
మన సముద్రం కంటే పలచనేనన్నాడు సారు.
"అయితే ఇంకా తొలిమడి నీళ్ళే. ఎండో?"
మనకొచ్చే ఎండలో తొంభయ్యో వంతు.
"ఆ కొఠారు నడవదులే" అని తేల్చేసి
కొంగుతో కన్ను తుడుచుకుంది.

ఓడ ఏమయిందని నేనడిగాను.
పదమూడేళ్ళు తిరిగి తిరిగి
ఇంధనం అడుగంటితే
దాన్ని శని మీదికే తోసి కాల్చేశారట.
వదిలేస్తే ఏ నాటికైనా ఆ చిన్న సముద్రంలో పడి
మన మట్టీ మన క్రిములూ అంటిస్తుందేమోనని.

ఇంత మర్యాద ఎక్కడ నేర్చుకున్నారో అని నేను తల ఊపుతుంటే
మస్తానమ్మకి అందులో వింతేం కనపళ్ళేదు.
"కాళ్ళు కడుక్కోకుండా
తెల్లమడిలో ఎవురన్నా దిగతారా?"

ఓడ బూడిదయ్యాక
గంటా ఇరవైమూడు నిమిషాలకు
దాని చివరి మాట భూమికి చేరిందట.
లారీ ఊరు దాటాక చేతికందే రసీదు లాగ.
ఎక్కడో ఒక గదిలో
దాన్ని పద్దులో ఎక్కించిన గుమాస్తా
ఆ రాత్రి అన్నం తిన్నాడో లేదో.

మాకు శని పట్టేది ఆ పైనుంచి కాదు.
ఐప్పసి మబ్బులోంచి.
కుప్ప పోసిన ఏడాది కష్టం
తాటాకు కప్పేలోపు
కరిగి కాలవలో కలిసినప్పుడు
ఏ గ్రహానికి నూనె పొయ్యాలో
ఎవరూ చెప్పరు.

తర్వాతి శనివారం పొద్దున్నే
కాటా మీద దోసెడు ఉప్పు పోసి
పది రూపాయల కాగితం నా ముందు పెట్టింది.
"మా ఇంటికే. రాసుకో."
ముల్లు కదల్లేదు,
లారీలు తూచే కాటా అది.
అయినా రాశాను.
తేదీ, పేరు, వారం.
బరువు దగ్గర కలం ఆగింది.
ఆమె అప్పటికే దంతె భుజాన వేసుకుని
గట్టు దిగి
కాళ్ళు కడుక్కుంటోంది.