నూట ఎనభై దగ్గర

ముహరఖ్‌లో చేపల మార్కెట్ వెనక మా షాపు.
ఏసీ నీళ్లు కారే గోడ పక్కన ఒకటే బల్ల.
అటు కొసన ఔసేప్పు చేట్టన్, సోల్డరింగ్ పొగలో.
ఇటు కొసన నేను, ల్యాప్‌టాప్ వెలుగులో.
నడుమ, జాలీ ఊడదీసిన రెండు పాత స్పీకర్లు,
కళ్లద్దాలు తీసిన ముసలి మొహాల్లా.

లూల్వా టీచరమ్మవి.
"మా పెదనాన్న గొంతు ఇందులో సగమే వస్తోంది" అంది,
ముందు అరబ్బీలో, తర్వాత హిందీలో,
తర్వాత అరచెయ్యి ఛాతీ మీద పెట్టుకుని.
క్యాసెట్‌లో ముత్యాలకు మునిగేవాళ్ల పాట:
పైన ఒక్కడు ఎత్తుకుంటాడు,
కింద ఇరవై మంది, మాటల్లేకుండా,
సముద్రం అడుగుని గొంతులోకి లాక్కుని పట్టుకుంటారు.
ఆ ఇరవైలో ఒకడు పెదనాన్న.

పై గొంతు చేట్టన్‌ది:
పాలడబ్బాలంత కెపాసిటర్లు, చేత్తో చుట్టిన కాయిల్.
కింది గొంతు నాది: చిప్పు, నాలుగు క్లిక్కులు.
నూట ఎనభై హెర్ట్జ్ దగ్గర హద్దు పెట్టుకున్నాం.
పొలం పంచుకున్న అన్నదమ్ముల హద్దు కాదది.
మా క్యాంపులో ఒకే మంచానికి
డే షిఫ్టు వాడూ నైట్ షిఫ్టు వాడూ ఉంటారు చూడు,
ఒకడి వెచ్చదనం దుప్పట్లో ఆరకముందే ఇంకొకడు.

చేట్టన్ పైపు ముక్క మీద రాగితీగ చుడుతూ
మలయాళంలో లెక్కపెడతాడు.
తొంభై నాలుగు దగ్గర ఫోన్ మోగింది.
మళ్లీ ఒకటి నుంచి.
నేను ఈలోగా నిట్టనిలువు గోడ కట్టేశాను, హద్దు దాటి ఒక్క చుక్క పోకుండా.
స్క్రీన్ వైపు ఒరకంట చూసి అన్నాడు:
"గోడైతే దూకాలి లింబాద్రీ. వాలైతే నడిచి దిగుతారు."
గొణుక్కుంటూనే మధ్యాహ్నానికి వాలు చేశాను.

వాయించాం. కుదరలేదు.
ఇరవై మందీ ఒక్కడి వెనక పరుగెత్తి ఆయాసపడుతున్నారు.
ఐదు మిల్లీసెకన్లు.
నా చిప్పు లెక్కలు కట్టుకుని గడప దాటేలోగా
ఆయన తీగ ఎప్పుడో చేరిపోయింది.
కొత్తదే ఆలస్యం!
చేట్టన్ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

అందుకని ఆయన దారిని కూడా నా పెట్టెలోంచే తిప్పాను.
దేన్నీ మార్చడానికి కాదు,
కాసేపు ఆగమనడానికి.

ఇక ఎంత ఆపాలో తేల్చాలి.
దానికొక వింత పద్ధతుంది: ఎరుపు, నలుపు తీగలు అటూ ఇటూ మార్చి
ఇద్దర్నీ ఎదురెదురు నిలబెట్టడం.
హ్యాంగర్‌కి మైకు వేలాడదీసి వెతికాం.
నాలుగు పాయింట్ ఆరు. నూట ఎనభై దగ్గర చిన్న గుంత.
నాలుగు పాయింట్ ఎనిమిది. బావి.
నాలుగు పాయింట్ తొమ్మిది.
అడుగు లేదు.
ఒకరినొకరు ఆనవాలు లేకుండా చెరిపేసుకోగలిగారంటే
సరిగ్గా ఒకే క్షణాన, ఒకే బలంతో వచ్చారని.

"ఎక్కడికి పోయారు?" అంది టీచరమ్మ, కంగారుగా.
నాకొచ్చిన హిందీలో చెప్పబోయాను.
అక్కర్లేదన్నట్టు తనే తలూపింది:
"మనిషి మునిగాక పైనున్నవాడికి తాడొక్కటే మిగుల్తుంది.
తొందరపడి లాగకూడదు."

తీగలు మళ్లీ మార్చాడు చేట్టన్.
పాట స్పీకర్లోంచి రాలేదు.
బల్ల మేకుల్లోంచి, సులేమాని గ్లాసులోంచి,
నా పళ్లలోంచి వచ్చింది.
ఆమె కళ్లు మూసుకుని చాలాసేపు వెతికింది.
"వీళ్లలో ఆయనెవరో తెలియట్లేదు" అంది చివరికి.
"ఫరవాలేదు. అందరూ వచ్చారు."

రాత్రి షట్టర్ దించబోతుంటే కరెంటు పోయి వచ్చింది.
నా పెట్టె ఉలిక్కిపడి లేస్తూ ఒక్క దెబ్బ విసిరింది.
చేట్టన్ కెపాసిటర్ ఆ దెబ్బని తనే కాచుకుంది,
పైనున్న పల్చటి గొంతు దాకా పోనివ్వలేదు.
చూశానని ఆయనకి చెప్పలేదు.
తాళం మాత్రం ఇవాళ నేనే వేశాను.