ఖర్చుల పట్టిక, వివరణతో సహా

అయ్యా,
మీరిచ్చిన పద్నాలుగు వందల డాలర్లకు
లెక్క చెప్పమన్నారు. చెబుతున్నాను.
నేను బ్రైడ్ హర్న్‌ని. కిట్టివేక్ కోవ్‌లో
చేపల ఫ్యాక్టరీ మూతపడే దాకా
ఇరవై రెండేళ్ళు తూకం రాసినదాన్ని.
అంకె తప్పదు నాకు.

కరెంటు కెటిల్ ఒకటి. అరవై రెండు.
కుర్చీలు కొనలేదు. మూసేసిన చర్చిలోంచి
బల్లలు తెచ్చుకున్నాం. నిటారు వీపులవి,
ప్రార్థనకు తప్ప కబుర్లకు పనికిరావు.
అందుకని దిండ్లకు గుడ్డ, నలభై ఒకటి.
కుట్టింది ఫిలొమీనా. కూలి అడగలేదు, రాయలేదు.

వల అల్లే దారం, ఆరు ఉండలు.
చేపలు పట్టని ఊళ్ళో వలెందుకని మీరడగొచ్చు.
మగాళ్ళు ఎదురెదురుగా కూర్చుంటే మాట్లాడరయ్యా.
చేతికి పని ఇవ్వాలి, కళ్ళు దించుకునే వీలివ్వాలి.
అప్పుడు ఒక ముడికీ ఇంకో ముడికీ నడుమ
"నిద్ర పట్టట్లేదు" అని జారుతుంది ఒకడి నోట్లోంచి.
విననట్టే వింటారు తక్కినవాళ్ళు.
ఎంతసేపటికో ఇంకొకడు, దారం కోసం చెయ్యి చాపుతూ,
"నాకూ అంతే."

వసారా బల్బులు. ఒక్కోటీ మూడు డాలర్ల నలభై.
ఇది ఏంబ్రోస్ ఆలోచన. భార్య పోయాక
అతను మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదని
మాకు నాలుగో రోజున తెలిసింది.
పొయ్యి రాజేసే ఇళ్ళు ఇక్కడ పద్నాలుగే.
చలికాలం ఐదు కాకముందే చీకటి. చీకటి పడగానే
ఎవరి బల్బు వాళ్ళు వేసుకోవాలి.
వెలిగితే ఉన్నట్టు. అంతే.
తలుపు తీయక్కర్లేదు, బాగున్నానని అబద్ధమాడక్కర్లేదు.
లెక్కపెట్టే వంతు రోజుకొకరిది.

జనవరి పంతొమ్మిదిన పదమూడే ఉన్నాయి.
మళ్ళీ లెక్కపెట్టాను.
సెల్బీ ఇల్లు.

మోకాలి లోతు మంచు. ముందు ఫిలొమీనా, పారతో.
పడవల షెడ్డులో ఉన్నాడు, చీకట్లో, కోటు లేకుండా.
మమ్మల్ని చూసి, చాలాసేపటికి గొంతు పెగిలి,
"బల్బు మాడిపోయింది" అన్నాడు.
"చవక రకం అంటగట్టాడు ఆ కొట్టువాడు"
అని తిట్టింది ఫిలొమీనా, అతని చెయ్యి వదలకుండా.
ఇంట్లోకి తీసుకొస్తుంటే
వసారాలో స్విచ్చి మీద నా చెయ్యి పడింది.
వెలిగింది.

ముగ్గురం చూశాం దాన్ని.
నేను ఆర్పేసి, స్టూలెక్కి,
ఊడదీసి, కొత్తది బిగించాను.

మీ కాగితంలో తేడా ఉంటే కారణం రాయమన్నారు.
ఇళ్ళు పద్నాలుగు. బల్బులు పదిహేను.
ఆ పాతది నా సొరుగులో ఉంది.
ఇంకా బాగానే పనిచేస్తుంది.

"లబ్ధిదారుల సంఖ్య" అన్న గడి ఖాళీగా వదిలాను.
లెక్కపెట్టినవాళ్ళా, లెక్కలోకి వచ్చినవాళ్ళా?
సెల్బీ మంగళవారాలు వస్తున్నాడు. మాట్లాడడు.
పక్కవాళ్ళు వేసిన ముళ్ళు విప్పి తన పద్ధతిలో వేస్తాడు.
ఏంబ్రోస్‌కి అది ఒళ్ళు మంట. పోయిన వారం
ఇద్దరూ అరుచుకున్నారు కూడా.
మంచిదో చెడ్డదో, అదీ రాస్తున్నాను.

మిగులు ఆరు డాలర్ల పది. వాపసు చేయమన్నారు.
టపా ఖర్చు పోను నాలుగున్నర మీ చేతికొస్తుంది.
దాంతో మీరేం చేస్తారో నాకు తెలీదు గానీ
మేమేం చేస్తామో తెలుసు. కాబట్టి పంపట్లేదు.

కిటికీ దగ్గర కూర్చుని రాస్తున్నాను.
ఫిబ్రవరి ఆఖరు, ఐదున్నర దాటింది,
ఇవాళ వంతు నాది.
తొమ్మిది. పది. అదిగో ఏంబ్రోస్, పదకొండు.
పన్నెండు.

మిగతాది కాసేపాగి రాస్తాను.