ఎన్ని మెట్లుంటాయి

తెల్లారి నాలుగున్నరకు బళ్ళారి చౌరస్తాలో
నా చేతికొక అట్ట, పెన్సిలు, నూరు కాగితాలు ఇచ్చినారు.
ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎందుకు?
మూడే ప్రశ్నలు.
నేను నోరు తెరవకముందే ఎదురొచ్చిన ప్రశ్న:
"ఎందుకు అడుగుతాండావు?"

కర్నూలుకు రైలొస్తుందంట, స్తంభాల మీద.
ఒకాయన మీసాల మీది టీ తుడుచుకొని
"కిందుండే గుంతలు పూడ్సలేక పైకి పోతాండారా?" అన్నాడు.
ఆ జవాబుకు నా కాగితంలో గడి లేదు.

నాలుగు నిలువు గీతలు, ఒకటి అడ్డం.
కట్టెమోపుల్లా పేర్చుకుంటూ పోయినాను.
ఖాజామొద్దీన్ షేరాటోలో పదకొండుమంది,
వాణ్ణి కలిపితే పన్నెండు,
వాని తొడమీది పిల్లోణ్ణి కలిపితే పదమూడు.
"ఆటో ఒకటి అని రాయమ్మా" అన్నాడు సూపర్‌వైజరు.

ఉల్లిగడ్డల యార్డుకు పోయే హమాలీలు,
పెద్దాసుపత్రికి ఫ్లాస్కు మోసుకెళ్ళే ఆడమనిషి,
సి క్యాంపులో గిన్నెలు తోమను కల్లూరు నుంచి వచ్చే ఇద్దరు అక్కచెల్లెళ్ళు.
వీళ్ళంతా నడిచేవాళ్ళు.
నడిచేది ప్రయాణం కాదంట, కాలమ్ లేదు.
ఆరుకూ ఏడుకూ నడుమ నా ముందు నుంచి
రెండువందల పద్నాలుగు మంది
ప్రయాణం చేయకుండానే వెళ్ళిపోయినారు.
కాగితం వెనక్కి తిప్పి రాసిపెట్టుకున్నాను.

రాత్రిపూట హంద్రీ పక్క రోడ్డులో మట్టిపరీక్ష మిషను.
నడిపేది ఉరుకుందు. పేరులోనే ఉంది ఉరుకు,
మనిషి మాత్రం నిదానం.
గొట్టం పైకి లాగి
సంగటి ముద్దల్లా గడికొకటి పెట్టెలో సర్దుతాడు.
పైన తారు, తారు కింద ఇంకో తారు
(ఏ ఎలక్షన్‌కు ఏ పొరో చెప్పగలడు),
కంకర, ఎర్రమన్ను,
దాని కింద వేలెడు మందాన సన్నటి ఒండ్రు.
అక్కడ ఆగి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"ఇది తొమ్మిదిలో వచ్చిన ఏరు.
మా ఇంట్లో ఫ్యాను రెక్కల మీద గూడా ఇదే ఉండె."
ఇంజనీరు రాసుకున్నది:
మెత్తటి ఒండ్రు. భారం మోయదు.

పదకొండో మీటరు దగ్గర మిషను గొంతు మారింది.
"నాపరాయి," అన్నాడు ఉరుకుందు, బీడీ వెదుక్కుంటూ.
"మన గడపలన్నీ దీనిమీదనే. రైలు నిలబడదా?"

ఆఫీసు గోడ మీద పటం, పటం మీద ఎర్రగీత.
బురుజు దగ్గర పక్కకు తప్పుకుంది.
పాత ఊరి సందులో తప్పుకోలేదు.
అందుకే వచ్చింది టైలర్ రహమతున్నీసా,
మెళ్ళో వేలాడే టేపు పటానికి ఆనించి
తన అంగడి ఎంతుందో కొలుచుకుంది.
చీమ తలకాయంత.
"నడుం బిగుతైతే కుట్టు విప్పి జరుపుతాం సార్,
గుడ్డ చింపుతామా?"
ఇంజనీరు పెన్ను మూత పెట్టినాడు, తీసినాడు.
"చూస్తాం" అన్నాడు.
ఆమె టేపు చుట్టుకోలేదు.

ఆఖరి రోజు, సొరకాయల గంపతో బొజ్జమ్మ.
ఎక్కడి నుంచి? పంచలింగాల.
ఎక్కడికి? యాడ అమ్ముడుపోతే ఆడికి.
ఎందుకు? గంప చూపించింది.
ఇంక నా ప్రశ్నలయిపోయినాయి, ఆమెది మొదలయింది.
"పైకి పోయేకి ఎన్ని మెట్లుంటాయి పాపా?"

లిఫ్టుంటుందన్నాడు సూపర్‌వైజరు.
"కరెంటు పోతే?"
డ్రాయింగులో మెట్లింకా గీయలేదు, ఎత్తొకటే ఉంది.
ఏడున్నర మీటర్లు.
ఆ రాత్రి మా మిద్దె మెట్టుకు స్కేలు పెట్టి చూసినాను,
పదిహేను సెంటీమీటర్లు.
రెండువందల పద్నాలుగు కింద
యాభై అని రాసినాను.

పొద్దున్నే పోయి చెప్పినాను.
బొజ్జమ్మ గంప దించి తలెత్తింది.
అక్కడ ఏమీ లేదు,
రెండు కరెంటు తీగలు, ఇంత ఆకాశం.
వేలితో గాల్లో ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ
ఇరవై ఆరు దగ్గర నిలబడింది.
"ఈడ కాసేపు కూర్చునేకి
ఒక అరుగు పెట్టమని రాయి."