ఇతరములు

గడువు శనివారం సాయంత్రం అయిదు.
పద్దెనిమిది నుంచి ముప్పయ్యయిదు లోపు వాళ్ళు
ఇంటికెందరు, ఊళ్ళో ఎందరు,
పోయినవాళ్ళు ఎందుకు పోయారు,
ఏమిస్తే తిరిగొస్తారు.
ఓటీపీ చెబితే మూడు నిమిషాల పని.

పెదపాయ లంకలో నా వంతు నూట తొంభై రెండు ఇళ్ళు.
తొలి పంటుకి స్కూటీ ఎక్కించి
ట్యాబ్‌ని చున్నీలో చుట్టి పొట్టకి అదిమిపట్టుకుంటాను.
అది గోదాట్లో పడితే ఖరీదు నా జీతంలో కోస్తారు.
నేను పడితే ఏం చేస్తారో సర్క్యులర్లో లేదు.

రేవులో ఫ్లెక్సీ, రెండు వరసలు:
యువత ఇక్కడే
భవిత ఇక్కడే
మొన్నటి గాలికి నిలువునా చిరిగి
ఇక్కడే, ఇక్కడే అని మాత్రం మిగిలింది.
చిరిగిన ముక్క ఎవరో మేకల పాకకి కప్పారు.

గుత్తుల ధనుంజయ్, ఇరవై మూడు.
కొబ్బరిచెట్టెక్కే మిషను సబ్సిడీలో వచ్చింది,
మూడు రోజుల శిక్షణకి సర్టిఫికెట్ కూడా,
లామినేషన్ చేయించి వాళ్ళమ్మ మేకుకి తగిలించింది.
చెట్టుకి యాభై, రోజుకి నలభై చెట్లు.
"బానే ఉంది కదా లెక్క" అన్నాను.
"లెక్క బానే ఉందండి.
దింపు నలభై అయిదు రోజులకోసారండి."

మోకా రూపేష్ చెన్నై వెళ్ళి తిరిగొచ్చేశాడు.
చెరువు గట్టున ఏరేటర్ల చప్పుడులో పెరిగినోడు,
అక్కడ గదిలో అంత నిశ్శబ్దానికి నిద్రపట్టలేదట.
ఇప్పుడు రొయ్యలకి రాత్రి కాపలా,
పగలంతా పడుకుంటాడు, తల్లి లేపినా లేవడు.
"పథకం వల్ల తిరిగివచ్చినవారు" కింద వెయ్యమని
పైనుంచి ఫోను.
వేశాను.

కొల్లాబత్తుల ప్రసన్న దొరకాలంటే చీకటి పడాలి.
ఏటిగట్టు మీద, మూడో స్తంభం దగ్గర,
దోమతెర కప్పుకుని లాప్‌టాప్ వెలుగులో ఉంటుంది,
ఎవరో అమెరికా ముసలాయన మోకాలి ఆపరేషన్‌కి
నంబర్లు వేస్తూ.
మండలంలో సర్కారు కట్టిన పనికేంద్రం ఉంది,
ఇరవై కుర్చీలు, ప్లాస్టిక్ కవర్లు ఇంకా విప్పలేదు.
అయిదింటికి తాళం వేస్తారు.
ఆమె డ్యూటీ ఏడింటికి మొదలు.
"అక్కడ ఏసీ ఉందక్కా, ఇక్కడ సిగ్నలుంది."

ఏమిస్తే ఉంటావు ఇక్కడే?
చాలాసేపు దోమల్ని తోలింది.
"తమ్ముడికి సెల్ రిపేరు షాపు పెడదామని
మెయిన్‌రోడ్డులో గది కోసం రెండు నెలలు తిరిగాం.
ముందు అద్దె చెప్తారు. తర్వాత అడ్వాన్సు చెప్తారు.
తర్వాత ఇంటిపేరు అడుగుతారు.
అప్పుడు గుర్తొస్తుంది వాళ్ళకి,
ఆ గది నిన్ననే ఎవరికో మాటిచ్చేశామని."

పెట్టుబడి, శిక్షణ, ఇంటర్నెట్, మార్కెటింగ్.
చివర్న, ఇతరములు.
అది నొక్కితే ఓ చిన్న గడి తెరుచుకుంటుంది.
ఇంటిపేరు, అని కొట్టాను.
చెల్లని సమాచారం, అంది.
మళ్ళీ కొట్టాను.
గట్టు కింద పడవలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి.

మా సీమ మాట ఒకటుంది, ఆయ్.
ఉంటావా అంటే ఆయ్.
పోతావా అంటే ఆయ్.
పథకం అందిందా అంటే ఆయ్ అని మజ్జిగిస్తారు.
దానికి గడి లేదు ట్యాబ్‌లో.
అవునుకీ కాదుకీ మధ్య
నా వేలు ఊరికే గాల్లో ఉండిపోతుంది.

శనివారం నాలుగున్నరకి సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు.
"ఒక్క ఇల్లు పెండింగండి.
చూస్తే అది మీ ఇల్లే."

వయసు ఇరవై తొమ్మిది.
ఉద్యోగం: కాంట్రాక్టు, ఫాల్గుణంలో ముగిసింది,
పొడిగింపు కాగితం దార్లో ఉందంటున్నారు.
మెయిల్లో పూణే కంపెనీ ఉత్తరం, తెరిచి మూసి, తెరిచి మూసి.
ఓటీపీ నా ఫోన్‌కే వచ్చింది.
నాకు నేనే చదివి చెప్పుకున్నాను.
ఎందుకు, ఏమిస్తే, దగ్గర
ట్యాబ్ చార్జింగ్ అయిపోయింది,
నిజంగానే అయిపోయింది.

ఆఖరి పంటు. నీళ్ళు ఎర్రగా, పైన వానలు కాబోలు.
తాడు విప్పుతూ సరంగు పల్లయ్య అడిగాడు,
"సోమవారం తొలి పంటుకేనా, పాపా?"

ఆయ్, అన్నాను.