తివాచీ మీద గుండ్రటి గుర్తులు

ఈ చర్చి ఊడ్చేది నేనే, ముప్ఫై ఒక్క ఏళ్లుగా.
అందుకే సంఘం గుట్టు నాకు కాస్త ముందే తెలుస్తుంది:
వెనక బల్ల కింద చూయింగ్‌గమ్ అంటించేది ఎవరో,
ప్రార్థనలో కునుకు తీసేది ఎవరో,
జెండా దిమ్మె ఎన్ని చోట్లు మారిందో.

తివాచీ మీద నాలుగు గుర్తులున్నాయి.
వేదికకి కుడిపక్కది పాతది, బాగా లోతు.
ఎడమపక్కది ఎవరో మర్యాదకి జరిపినప్పటిది.
ఒకటి పియానో వెనక.
ఒకటి గుమ్మం దగ్గర, గొడుగుల డబ్బా సరసన.
ఆ ఏడు డెల్మర్ హౌగెన్ ఆరు నెలలు చర్చి మొహం చూడలేదు,
కోతల పండక్కి గోధుమలు మాత్రం పంపాడు.

ఆవిరి పట్టి చూశాను, దువ్వెనతో దువ్వాను.
పోవు.
ఊలు కూడా ఒకసారి మోసిన బరువు మర్చిపోదు.

ఈసారి జూలై నాలుగు ఆదివారం పడింది.
శనివారం రాత్రి పెద్దలు కూర్చున్నారు.
కాఫీ మూడుసార్లు కాచాను.
"ఆ గుడ్డ కోసమే మా తమ్ముడు పోయాడు" అన్నాడు డెల్మర్.
"చక్కెరదుంపల కలుపుకొచ్చినవాళ్లు
మన వెనక వరసలోనే మోకరిస్తారు, వాళ్ల గుడ్డ వేరు" అంది
కొత్త పాస్టరమ్మ మారెన్.
ఇద్దరూ నిజమే చెప్పారు. అదే వచ్చిన చిక్కు.
అబద్ధమైతే ఊడ్చేద్దును.

నన్నెవరూ అడగలేదు.
అడిగితే ఓర్విల్ సంగతి చెప్పేదాన్ని.
మా ఆయన కొరియా నుంచి రెండు వేళ్లు తక్కువగా తిరిగొచ్చాడు.
రేడియోలో జాతీయగీతం వస్తే
ట్రాక్టరు ఆపి మరీ దాని మీదే నిలబడేవాడు,
డకోటా గాలికి టోపీ ఎగిరిపోయినా కదిలేవాడు కాదు.
అదే మనిషి రోజూ రాత్రి అన్నం ముందు
ఒక పేరు దేవుడికి చెప్పేవాడు.
తను కాల్చిన కుర్రాడి జేబులో ఉత్తరం,
దుబాసీ ఒక్కసారి చదివితే
చెవితో పట్టుకొచ్చిన పేరు.
ఏటేటా నోట్లో అరిగి అరిగి
చివరికి అది మా నార్వే వాళ్ల పేరులాగే వినబడేది.
"దేవుడికి అర్థమవుతుందంటావా?" అన్నాను ఒకసారి.
"ఆలుగడ్డలు ఇటివ్వు" అన్నాడు.

ఆయన పోయినప్పుడు పెట్టె మీంచి జెండా తీసి
మూడు మూలలుగా మడిచి నా ఒళ్లో పెట్టారు.
ఇస్త్రీ చేసిన ప్రభువు బల్ల గుడ్డలు దాచే అరలోనే దాన్నీ పెట్టాను.
వేరే అర లేక.

పదకొండున్నరకి అందరూ వెళ్లారు. ఏమీ తేలలేదు.
తాళాలు నాకిచ్చారు.
వాక్యూమ్ పట్టాలంటే జెండా ఎత్తాలి.
ఎత్తాను. ఇనప దిమ్మె, నా వయసుకి బరువే.
ఎక్కడ దించాలో తోచక
బిడ్డనెత్తుకున్నట్టు నిలబడ్డాను కాసేపు.
బయట పిల్లలెవరో ఆగలేక
రేపటి టపాసులు ఇప్పుడే కాలుస్తున్నారు.
ఒక్కో చప్పుడుకీ కిటికీ అద్దాలు వణికాయి.

అన్నం వేళ కాదు. అయినా
ఆ పేరు పైకే అన్నాను.
నాకూ సరిగ్గా పలకదు.