కొర్లగుంటలో పదకొండున్నర

కంపెనీ బస్సు ఐదూ నలభైకి.
ఐదున్నరకే నా గడపలో దేవసేన,
భుజం మీద ఆరు నెల్ల మోక్షిత,
సంచీలో మూడు సీసాలు.
ఒక్కోదానికి తెల్ల ప్లాస్టరు చుట్టి
పెన్నుతో గంట రాసింది.
'అక్కా, ఎనిమిదికి ఇది, పదకొండుకి ఇది,
రెండుకి ఇది.
తాగకుంటే...'
బస్సు హారను కొట్టె.
ఆ మాట సగం నా దగ్గరే ఉండిపోయె.

రేణిగుంట దారిలో ఆ ఫ్యాక్టరీలో
చేసేది ఫోన్లే.
చేసేవాళ్ళ ఫోన్లు మాత్రం గేటు దగ్గర డబ్బాలో.
అందుకని మా ఇద్దరి మధ్యన ఒక నోటుబుక్కు,
మావాడి మూడో తరగతి లెక్కలు పోను
మిగిలిన పేజీలు.

8.10. ముప్పై మి.లీ. కక్కేసింది.
8.40. పది.
9.15. మూతి తిప్పుకుంది.

వేన్నీళ్ళ గిన్నెలో సీసా పెట్టి,
మణికట్టు మీద చుక్క వేసి చూసి,
నడుస్తా, కూర్చుంటా, కిటికీలో కాకిని చూపిస్తా,
ఉగ్గుగిన్నెతో, చెంచాతో, వేలితో.
రబ్బరు తగిలితే చాలు
పెదాలు గట్టిగా బిగిస్తది,
బాకీ అడిగితే షావుకారు పెట్టె మూసినట్టు.

ఈలోగా తన్వీరుకి రాగిజావ.
ఒక చెంచా నోట్లోకి, రెండు చెంచాలు నా కొంగుకి.
సోమవారం కొండ నుంచి గుండుతో దిగిన లోహిత్
చందనం మెత్తి, నిమ్మకాయంత నున్నగా,
చేతి మీద పడుకోబెడితే జారిపోతాడు.

పదకొండున్నర నిద్దర టైము.
కిటికీకి పాత లుంగీ కట్టినా.
దూలానికి రెండు చీర ఉయ్యాలలు,
మూడో బిడ్డకి నా కాళ్ళే.
పైఇంట్లో కుక్కరు మూడు కూతలు.
పట్టాల మీద గూడ్సు, అదొక పావుగంట.
అప్పుడే జీపులో పోయే యాత్రికులు
'గోవిందా' అని ఒకే గొంతుతో.
ముగ్గురూ లేచి కూర్చున్నారు.
నేనేమీ అనుకోను.
తెల్లారకముందే రోజూ లేపుతారు ఆయన్ని కూడా,
నిద్దర విలువ ఆయనకి తెలవకుండా ఉంటదా.

మోక్షిత మాత్రం ఏడుపు ఆపలే.
మూడు రోజులుగా ఇదే.
నెలకి రెండువేల ఐదొందలు తీసుకుంటా,
ఆకలితో ఉన్న బిడ్డని ఎత్తుకొని
గోడకీ గోడకీ మధ్య తిరగతా ఉన్నా.
ఇంకో సీసా కోసం సంచీలో చెయ్యి పెడితే
సీసాలు కొట్టుకోకుండా చుట్టిన
పసుపు చున్నీ.
చెమట, పౌడరు, ఎండిన పాల మరక,
రాత్రంతా కప్పుకున్న వాసన.

భుజాన వేసుకున్నా.
వెలుతురుకి వీపు తిప్పి కూర్చున్నా.
మాట్లాడలే. నా గొంతు ఆమె గొంతు కాదు గదా.
మోక్షిత ముక్కు చున్నీలో దూర్చింది,
కళ్ళు తెరిచి నా మొహం చూసింది,
చాలాసేపు చూసింది.
మోసపోలేదు ఆ బిడ్డ. తెలుసు దానికి.
తెలిసే ఒప్పుకుంది.
గుటక. గుటక. సీసాలో బుడగలు పైకి.
నూటఇరవై.
నా కాళ్ళు తిమ్మిరెక్కినా కదపలే.

11.30. నిద్ర, అని రాసినా.
ఏడ్చిన సంగతి రాయలే.
మధ్యాన్నం దాకా నిలబడి పనిచేసే మనిషికి
అదెందుకు మోసుకుపోయే బరువు?

మూడున్నరకి బస్సు దిగి పరిగెత్తుకొచ్చింది.
నోటుబుక్కు చేతికి తీసుకోలే,
ముందు బిడ్డని తీసుకుంది.
తర్వాత నిదానంగా అడిగింది,
'పదకొండున్నరకి ఏడ్చిందా అక్కా?'

నేను నోరు తెరవలే.

'లైనులో ఉన్నా. ఉన్నట్టుండి పాలు దిగినాయి.
కోటు లోపల జాకెట్టు తడిసిపోయె.
బాత్రూముకి పోయి పిండి పారబోసినా.
గడియారం చూస్తే పదకొండున్నర.'

పెన్ను తీసి
'నిద్ర' అన్న మాట కొట్టేసినా.
దాని పక్కనే రాసినా:
ఏడ్చింది. శానా ఏడ్చింది.
తర్వాత నీ చున్నీలో నూటఇరవై తాగింది.

చదివి నవ్విందో, ఏమో,
చున్నీ మడతపెట్టి సంచీలో వేసుకుంటా ఉంటే
చెప్పినా,
'ఉతకొద్దు మేయ్.
రేపు కూడా ఇట్లనే తే.'